ఒకే దుమ్ము, ఒక్కరికే దమ్ము

మే నెల మొదటి మంగళవారం ప్రపంచ ఆస్తమా దినం. ఆ సందర్భంగా మిర్యాలగూడలో ఒక ఛాతీ డాక్టరు హమాలీలు, ఆశా కార్యకర్తలు, డిగ్రీ విద్యార్థుల ముందు మాట్లాడిన మాటలివి. రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్లకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, కానీ ఈ ఎండలో వాటిని ఆపమని నేను అడగను, నేనే కొంచెం గట్టిగా మాట్లాడతాను. అర్థం కానిది ఉంటే మధ్యలోనే చెయ్యెత్తండి, చివరిదాకా ఆగక్కర్లేదు.

నిన్న పొద్దున నల్లగొండ నుంచి వస్తూ దారిలో ఒక వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర బండి ఆపాను. యాసంగి వడ్లు కుప్పలు కుప్పలుగా పోసి ఉన్నాయి. తూర్పార పట్టే మిషన్ నడుస్తోంది, నలుగురు ఆడవాళ్లు ముక్కుకు కొంగు కట్టుకుని తట్టలతో వడ్లు పోస్తున్నారు, మిషన్ వెనక నుంచి తాలు, పొట్టు, సన్నటి దుమ్ము లేచి ఎండలో అట్లనే నిలబడి ఉంది. చూస్తుండగానే నలుగురిలో ఒకామె తట్ట పక్కన పెట్టి లారీ నీడలోకి పోయి కూర్చుంది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు పైకి లేపి, నోరు తెరిచి. దగ్గరికి పోతే పిల్లికూతలు బయటికే వినపడుతున్నాయి. మిగతా ముగ్గురూ పని చేసుకుంటూనే ఉన్నారు. ఆ అక్క ఈ రోజు ఇక్కడికి వచ్చింది, ఆమెను అడిగే ఈ సంగతి చెబుతున్నాను.

అదే మిషన్, అదే దుమ్ము, అదే గాలి. నలుగురూ పీల్చారు. మరి ఒక్కామెకే దమ్ము, అంటే ఆస్తమా, ఎందుకొచ్చింది? మనం ఏమంటాం? "ఆమెకు దుమ్ము పడదు" అంటాం. సరే, పడదు. పడకపోవడం అంటే ఏంటి? లోపల ఎవరికి పడటం లేదు? ఆ "పడదు" అనే ఒక్క మాట లోపల ఏం జరుగుతోందో చెప్పాలనే వచ్చాను.

ముందు గొట్టాల సంగతి. ముక్కు నుంచి గాలి పోయే గొట్టం ఛాతీలో రెండుగా చీలుతుంది, ఆ రెండూ మళ్లీ రెండేసిగా, వేపచెట్టు కొమ్మల్లాగ చీలుకుంటూ పోయి, దాదాపు 23 సార్లు చీలాక గాలి తిత్తుల దగ్గర ఆగుతుంది. రోజుకి మనం పీల్చే గాలి సుమారు 10,000 లీటర్లు. ఎండాకాలం మన వాడల్లోకి వచ్చే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్ చూశారు కదా, అట్లాంటివి రెండు. అంత గాలి, దాంతో పాటు వచ్చే దుమ్ము, పుప్పొడి, పొగ, సూక్ష్మక్రిములు, అన్నీ ఆ గొట్టాల గోడకు తగిలే పోతాయి. ఆ గోడకి లోపల తడిగా ఒక పొర ఉంటుంది. ఒకసారి నాలుకతో మీ బుగ్గ లోపలి వైపు తడిమి చూడండి. ఆ, అట్లాంటి తడి పొర. దాని మీద కంటికి కనపడని వెంట్రుకలు ఉండి, పడ్డ దుమ్మును తెమడతో కలిపి పైకి నెట్టేస్తుంటాయి.

చాలా ఏళ్లు డాక్టర్లు కూడా దమ్మంటే గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకోవడం అనే అనుకున్నారు. బిగుసుకుంటే సడలించాలి, మందు ఇవ్వాలి, అయిపోయింది. కానీ సన్నటి గొట్టంతో లోపలికి చూసి, గోడ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే, దమ్ము తక్కువగా ఉన్న వాళ్లలో కూడా, ఆ రోజు బాగానే ఉన్న వాళ్లలో కూడా, గోడ వాచి ఉంది. ఈ మాట గట్టిగా పట్టుకోండి: బాగున్న రోజు కూడా వాచి ఉంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే చుట్టూ ఎర్రబడి ఉబ్బుతుంది కదా, కాలికైతే బయటికి ఉబ్బడానికి చోటుంది. సన్న గొట్టంలో వాపు లోపలికే వస్తుంది. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే గాలికి అడ్డు ఎంత పెరుగుతుందంటారు? రెండింతలా? కాదమ్మా, 16 రెట్లు. అందుకే రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉన్న మనిషి తెల్లవారుజామున మూడింటికి లేచి కిటికీ దగ్గర కూర్చుంటాడు.

మరి ఆ వాపును ఎవరు తెస్తున్నారు? దుమ్మా? దుమ్ము తేవడం లేదు. దుమ్ము తగిలిందని శరీరం లోపల పంపుకునే కబుర్లు తెస్తున్నాయి.

ఊళ్లో డప్పు చాటింపు గుర్తుందా? పెద్దవాళ్లకు గుర్తుంటుంది. "రేపు పొద్దున చెరువు తూము ఎత్తుతున్నరహో" అని చాటింపు వేస్తే, అది ఊరందరి చెవినా పడుతుంది, కానీ కదిలేది ఎవరు? చెరువు కింద పొలం ఉన్నవాళ్లు. "టీకాలు వేస్తున్నరహో" అంటే పిల్లలున్న తల్లులు కదులుతారు. చాటింపు ఒకటే, కదిలేవాళ్లు వేరు. మన శరీరంలో కణాలు ఒకదానికొకటి అట్లనే కబురు పంపుకుంటాయి. ఆ కబుర్లు చిన్న చిన్న ప్రోటీన్లు, వాటినే సైటోకైన్లు అంటారు. ఒక కణం ఆ ప్రోటీన్‌ను బయటికి వదులుతుంది. దాన్ని వినే చెవి ఏ కణం మీద ఉందో ఆ కణమే కదులుతుంది. ఆ చెవిని రిసెప్టర్ అంటారు. ఎంత వదులుతుందో తెలుసా? పికోగ్రాముల్లో కొలుస్తాం. ఒక గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం ఒక పికోగ్రాము. అంత తక్కువ ప్రోటీన్‌తో ఊపిరి ఆగేంత పని జరుగుతుంది.

వీటిలో చాలా వాటికి ఇంటర్‌ల్యూకిన్ అని పేరు, ఐఎల్ అని రాసి పక్కన ఒక నంబరు వేస్తారు. 1979లో స్విట్జర్లాండులో ఒక సమావేశంలో ఆ పేరు పెట్టారు, తెల్లరక్తకణాల మధ్య తిరిగేవి అని దానికి అర్థం. తర్వాత తర్వాత తేలిందేంటంటే వీటిని తెల్లరక్తకణాలే కాదు, ఇంకా చాలా కణాలు తయారు చేస్తాయి. ముఖ్యంగా మనం ఇందాక నాలుకతో తడిమామే, ఆ పొర. విద్యార్థులు ఇది రాసుకోండి. దమ్ములో మొదటి చాటింపు వేసేది రక్తం కాదు, ఆ పొరే.

ఎట్లా వేస్తుందో దగ్గరగా చూద్దాం. మన పరుపుల్లో, బొంతల్లో దుమ్ము పురుగులు ఉంటాయి, కంటికి కనపడవు. వాటి మలంలో ఉండే ఒక ఎంజైమ్ ఆ పొరలో కణానికీ కణానికీ మధ్య ఉన్న అతుకును కోసేస్తుంది. వడ్ల దుమ్ము, పొయ్యి పొగ, జలుబు వైరస్, ఇవి కూడా ఆ పొరను వేరే వేరే దారుల్లో గాయపరుస్తాయి. గాయపడ్డ కణాలు మూడు కబుర్లు వదులుతాయి: టీఎస్‌ఎల్‌పీ, ఐఎల్-25, ఐఎల్-33. ఈ ఐఎల్-33 సంగతి నాకు చాలా ఇష్టం. అది మామూలప్పుడు కణం నడిబొడ్డున, కేంద్రకంలో, దాచి ఉంటుంది. కణం పగిలితేనే బయట పడుతుంది. అంటే గోడలోనే గంట కట్టి పెట్టినట్టు. గోడ కూలితే గంట దానంతట అదే మోగుతుంది, ఎవరూ వచ్చి కొట్టక్కర్లేదు.

ఆ గంట విని కదిలేవి రెండు రకాలు. ఒకటి, ఆ గొట్టాల దగ్గరే కాపలా ఉండే ఐఎల్‌సీ2 అనే కణాలు, ఇవి గంటల్లోనే కదులుతాయి. రెండోది, టీహెచ్2 అనే సహాయక కణాలు, వీటికి రోజులు పడుతుంది కానీ ఒకసారి నేర్చుకుంటే ఏళ్ల తరబడి మరిచిపోవు. సహాయక కణాలు అన్నీ ఒకటి కావు, వేరే వేరే కబుర్లు పంపే రెండు జట్లు ఉన్నాయని 1986లో టిమ్ మాస్‌మన్, రాబర్ట్ కాఫ్‌మన్ అనే ఇద్దరు ఎలుకల కణాల్లో చూపించారు. ఈ రెండో జట్టు కణాలు, ఐఎల్‌సీ2 కలిసి మళ్లీ మూడు కబుర్లు పంపుతాయి. నాలుగు, ఐదు, పదమూడు. ఐఎల్-4, ఐఎల్-5, ఐఎల్-13. ఇంట్లో ఎవరికైనా దమ్ము ఉంటే ఈ మూడు నంబర్లు గుర్తుపెట్టుకోండి.

నాలుగు ఏం చేస్తుంది? ఐజీఈ అనే యాంటీబాడీ తయారు చేయమంటుంది. ఆ ఐజీఈ పోయి మాస్ట్ కణాల మీద కూర్చుంటుంది, ఇంకోసారి అదే దుమ్ము వస్తే నిమిషాల్లో హిస్టమిన్, ల్యూకోట్రయీన్లు అనే రసాయనాలు చిమ్మి కండరం బిగిసేలా చేస్తుంది. వయ్యారిభామ పూసిన చేలో దిగగానే తుమ్ములు, సర్కారు తుమ్మ పూత మీదున్నప్పుడు కళ్ల దురద, అదంతా ఈ దారే. పదమూడు ఏం చేస్తుంది? తెమడ తయారు చేసే కణాలను పెంచుతుంది, కండరాన్ని చిన్న దానికే ఉలిక్కిపడేట్టు చేస్తుంది. దమ్మున్న వాళ్లు దగ్గి దగ్గి చివరికి తీగలా సాగే తెమడ ఉమ్ముతారు, చూశారా? పదమూడు చేసే పని అది.

ఐదు. దీని దగ్గర కాసేపు ఆగుతాను.

ఐఎల్-5 పోయేది ఎముక మజ్జకు. అక్కడికి పోయి ఇయోసినోఫిల్స్ అనే కణాలను తయారు చేయమని, పంపమని, పంపిన వాటిని చావనివ్వొద్దని చెబుతుంది. 1879లో పాల్ ఎర్లిక్ ఇయోసిన్ అనే రంగు వేసి చూసినప్పుడు వీటిలోని రేణువులు ఆ రంగును పీల్చుకున్నాయి, అందుకే ఆ పేరు. మీరు ఎప్పుడైనా సైన్స్ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ చూసి ఉంటే, దమ్ము ఎక్కువగా ఉన్న మనిషి తెమడ చుక్క ఒకటి స్లైడు మీద పెట్టి, రంగు వేసి చూడండి. రెండు గదుల కేంద్రకం, దాని చుట్టూ ఇటుక రంగు రేణువులు గింజలు గింజలుగా. వాటి మధ్య ఒక్కోసారి సూదుల్లాంటి స్ఫటికాలు, రెండు కొసలా మొనదేలి, మెరుస్తూ ఉంటాయి. షార్కో-లైడెన్ స్ఫటికాలంటారు, నూట యాభై ఏళ్లకు పైగా డాక్టర్లకు తెలుసు. చచ్చిన ఇయోసినోఫిల్స్ నుంచి వచ్చిన చెత్త అనుకున్నారు ఇన్నేళ్లూ. 2019లో తేలింది, అది ఉత్త చెత్త కాదు, ఆ స్ఫటికాలే మళ్లీ వాపును రేపుతున్నాయి. గెలాక్టిన్-10 అనే ప్రోటీన్ గడ్డకట్టి సూది అవుతుంది, ఆ సూది మళ్లీ గోడకు గుచ్చుకుంటుంది, గోడ మళ్లీ గంట మోగిస్తుంది. చూడండి, దుమ్ము ఎప్పుడో పోయింది. కబురు మాత్రం తిరుగుతూనే ఉంది.

ఇంత హాని చేసేదాన్ని శరీరం ఎందుకు పెట్టుకుంది? న్యాయమైన ప్రశ్న. జవాబు మీ అందరికీ తెలిసిందే, ఆశా అక్కలకు ఇంకా బాగా తెలుసు. ఇంటింటికీ తిరిగి బోదకాలు మాత్రలు మింగిస్తారు కదా? పురుగులు. కడుపులో నులిపురుగులు, బోదకాలు తెచ్చే పురుగులు, వీటిని సూక్ష్మక్రిముల్లాగ కణం మింగలేదు, అంత పెద్దవి. వాటిని అందరూ చుట్టుముట్టి మందు చిమ్మి, తెమడతో కడిగి తోసేయాలి. నాలుగు, ఐదు, పదమూడు ఉన్నవి ఆ పనికే. దమ్మున్న మనిషిలో అదే దండు పురుగు లేకుండానే లేస్తోంది, అంతే.

ఆ బోదకాలు మాత్రల్లో ఒకటి డైఇథైల్ కార్బమజీన్. 1940లలో అమెరికాలో దాన్ని తెచ్చిన పరిశోధన బృందాన్ని నడిపించింది మన తెలుగాయన, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ గుండె నిండుతుంది. ఎందుకంటే ఈ మందు మన గొట్టాల కథలో కూడా ఉంది. బోదకాలు పురుగు పిల్లలు కొందరి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే అక్కడ ఇయోసినోఫిల్స్ వేలల్లో చేరతాయి, రాత్రిళ్లు దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. అచ్చం దమ్ములాగే ఉంటుంది. దమ్మనుకుని నెలల తరబడి మందులు వాడతారు, తగ్గదు. రక్తంలో ఇయోసినోఫిల్స్ లెక్క చూసి, అవి మైక్రోలీటరుకు 3,000 దాటితే మనకు అనుమానం రావాలి, అప్పుడు ఈ మాత్ర మూడు వారాలు ఇస్తే చాలామందికి తగ్గిపోతుంది. అక్కా, మీ ఊళ్లో రాత్రి దగ్గు తగ్గని మనిషి ఉంటే ఈ రక్త పరీక్ష చేయించమని చెప్పండి. ఖరీదైన పరీక్ష కాదు.

సరే, చాటింపు వేసేవాళ్ల గురించి చెప్పాను. మరి "ఇక చాలు, ఇళ్లకు పోండి" అనేవాళ్లు ఉండరా? ఉంటారు. ఉండాలి. లేకపోతే మనమెవరం ఈ గాలి పీల్చి బతకలేం. ఐఎల్-10, టీజీఎఫ్-బీటా అనే కబుర్లు వాపును తగ్గిస్తాయి. వాటిని పంపేవాళ్లలో ముఖ్యమైనవి నియంత్రణ కణాలు, రెగ్యులేటరీ టీ కణాలంటారు. 1995లో షిమోన్ సకగుచి వీటిని గుర్తు పట్టాడు, ఆ కాలంలో చాలామంది నమ్మలేదు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఒక ఎలుకల జాతికి ఎందుకు ఒళ్లంతా జబ్బు చేస్తోందో వెతుకుతూ ఫాక్స్‌పీ3 అనే జన్యువును పట్టుకున్నారు. ఆ జన్యువు ఈ కణాలకు ప్రాణమని తర్వాత తేలింది. ముగ్గురికీ కలిపి 2025లో నోబెల్ ఇచ్చారు. లారీ నీడలో కూర్చున్న అక్కకీ మిషన్ దగ్గర ఉన్న ముగ్గురికీ తేడా చాలా వరకు ఇక్కడ ఉంది. ఆ ముగ్గురిలో కూడా గోడ గీసుకుపోతుంది, గంట మోగుతుంది, కానీ "చాలు" అనే మాట వేళకు వస్తుంది. ఈమెలో రావడం లేదు, లేదా వచ్చినా ఆ గోలలో వినపడటం లేదు.

ఆ, ఏంటి తమ్ముడూ? చెప్పు. ఇంట్లో బర్రెలుంటే మంచిదా చెడ్డదా అంటున్నాడు. మంచి ప్రశ్న, దీని మీద పెద్ద పరిశోధనే ఉంది. అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అని రెండు రైతు సమాజాలు. ఇద్దరి పూర్వీకులూ యూరప్ వాళ్లే, తిండి, కుటుంబాలు, అలవాట్లు దగ్గర దగ్గరే. ఆమిష్ వాళ్లు ఇంటి పక్కనే పశువుల కొట్టం పెట్టుకుని గుర్రాలతో సేద్యం చేస్తారు, పిల్లలు అందులోనే ఆడుకుంటారు. హట్టరైట్ వాళ్లది పెద్ద పెద్ద యంత్రాల సేద్యం, పిల్లలు కొట్టాల దగ్గరికి పోరు. 2016లో అచ్చయిన లెక్క ప్రకారం ఆమిష్ పిల్లల్లో ఆస్తమా 5.2 శాతం, హట్టరైట్ పిల్లల్లో 21.3 శాతం. ఎందుకు? కొట్టంలోని సూక్ష్మక్రిముల ముక్కలు చిన్నప్పటి నుంచి కొద్ది కొద్దిగా తగులుతుంటే గొట్టాల పొర నిదానం నేర్చుకుంటుంది. అంతకు ముందు ఏడాదే, 2015లో, ఎలుకల మీద చేసిన పనిలో తేలింది: పల్లెటూరి దుమ్ము ఆ పొర కణాల్లో ఎ20 అనే ప్రోటీన్‌ను పెంచుతోంది, అది లోపలి నుంచి గంటకు గుడ్డ చుడుతుంది.

కానీ జాగ్రత్తగా వినండి, దుమ్ము మంచిదని ఇంటికి పోయి చెప్పకండి. పసి వయసులో కొట్టం గాలి వేరు, ముప్పై ఏళ్ల వయసులో మిల్లు గాలి వేరు. జిన్నింగు మిల్లుల్లో పత్తి దుమ్ములో కూడా అవే సూక్ష్మక్రిముల ముక్కలు ఉంటాయి, అక్కడ అవి ఛాతీ పట్టేసే జబ్బు తెస్తాయి. సెలవు తర్వాత పనికి వెళ్లిన మొదటి రోజు ఎక్కువగా పట్టేస్తుంది కాబట్టి ఇంగ్లీషులో దాన్ని సోమవారం జ్వరం అంటారు. ఈ రకం వాపులో నడిచే కబుర్లు వేరు, ఐఎల్-8, ఐఎల్-17 లాంటివి. కదిలేవాళ్లు కూడా వేరు, ఇయోసినోఫిల్స్ కాదు, న్యూట్రోఫిల్స్ అనే వేరే కణాలు. బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ కూడా ఎక్కువగా ఈ దారినే పోతాయి. బయటికి కనిపించే దమ్ము ఒకటే, లోపల తిరిగే కబురు ఒకటి కాదు. రెండో రకానికి మన స్టెరాయిడ్ మందులు అంతగా పని చేయవు.

మందుల దగ్గరికి వచ్చాం కాబట్టి మా అమ్మ సంగతి చెప్పాలి.

మా అమ్మ బాయిల్డ్ రైస్ మిల్లులో ఉడికిన వడ్లు ఎండబోసే కూలికి పోయేది. ఆమెకు దమ్ము. రాత్రిళ్లు గోడకు ఆనుకుని, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీదకి వంగి కూర్చునేది, మేము పిల్లలం ఆ పిల్లికూతలు వింటూనే నిద్రపోయేవాళ్లం. ఎక్కువైనప్పుడు ఒకాయన వచ్చి సూది వేసేవాడు. సూది వేస్తే రెండు రోజుల్లో లేచి మళ్లీ మిల్లుకి పోయేది. తర్వాత సూది అక్కర్లేదని చిన్న తెల్ల మాత్రలు ఇచ్చాడు. ఏళ్ల తరబడి మింగింది. మొహం గుండ్రంగా ఉబ్బింది, అందరూ "ఒళ్లు చేసినవు" అన్నారు, సంతోషపడ్డాం. షుగర్ వచ్చింది. ఒకరోజు బోరింగు దగ్గర బిందె ఎత్తబోయి జారి పడితే తుంటి ఎముక విరిగింది, అంత చిన్న దెబ్బకి. నేను అప్పటికే డాక్టరీ చదువుతున్నాను. ఆ మాత్రలు స్టెరాయిడ్లని, వాటితో ఎముకలు గుల్లబారతాయని పుస్తకంలో చదివిన వాడిని, మా ఇంట్లో గూట్లో ఉన్న మాత్రల పట్టీ తీసి చూడలేదు. అది ఈ రోజుకీ నాకు బాధే.

స్టెరాయిడ్ చెడ్డ మందా? కాదు. ఇక్కడ అందరూ పొరబడతారు. దమ్ములో వాపును తగ్గించడానికి మన చేతిలో ఉన్న మందుల్లో అంతకన్నా ముఖ్యమైనది లేదు. అది కణం లోపలికి దూరి, కేంద్రకంలోకి పోయి, ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే మీటను నొక్కి పెడుతుంది. వాపు తెచ్చే కబుర్లు చాలా వరకు ఆ మీట వల్లే తయారవుతాయి. అంటే డప్పు కొట్టేవాడి చెయ్యి పట్టుకున్నట్టు. కాకపోతే మాత్రగా మింగితే ఒళ్లంతా తిరుగుతుంది. 40 మిల్లీగ్రాముల మాత్ర అంటే 40,000 మైక్రోగ్రాములు. పంపుతో, అంటే ఇన్‌హేలర్‌తో, పీలిస్తే ఒకసారికి 200 మైక్రోగ్రాములు, అదీ నేరుగా గొట్టం గోడకే పోతుంది. 200 రెట్లు తేడా. మా అమ్మకి పంపు తెచ్చిస్తే ఏమందో తెలుసా? "గొంతులకు గాలి కొట్టుకుంటే దమ్మెట్ల పోతదిరా, సూది ఏపియ్యి" అంది. రెండు నెలలు పక్కన కూర్చుని కొట్టించాను. మూడో నెల నుంచి రాత్రి పడుకుని నిద్రపోయింది. పడుకుని, కూర్చుని కాదు.

మరి ఇంకో పంపు ఉంటుంది, చాలావరకు నీలం రంగుది, సాల్బుటమాల్. కొట్టుకోగానే ఐదు నిమిషాల్లో హాయిగా ఉంటుంది. ఎందుకంటే అది కండరాన్ని సడలిస్తుంది. కబుర్లను ఆపుతుందా? ఆపదు. ఒక్క కబురును కూడా ఆపదు. హాయిగా ఉంది కాబట్టి జనం అదే కొట్టుకుంటారు, లోపల నాలుగు, ఐదు, పదమూడు వాటి పని అవి చేసుకుపోతుంటాయి, గోడ వాస్తూనే ఉంటుంది, ఒక రాత్రి ఆ పంపు కూడా పని చేయదు. అందుకే ప్రపంచమంతటికీ ఆస్తమా మార్గదర్శకాలు రాసే జినా 2019లో తేల్చి చెప్పింది, పెద్దవాళ్లలో, పన్నెండేళ్లు నిండిన పిల్లల్లో సాల్బుటమాల్ లాంటి మందు ఒక్కటే వాడటం ఇక వద్దు, వాపు తగ్గించే మందు కూడా ఉండాలి అని. మన దేశంలో దమ్ముతో మూడు కోట్ల మందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఎంతోమంది సంచిలో ఇప్పటికీ ఉన్నది ఆ నీలం పంపు ఒక్కటే, లేకపోతే అదీ లేదు. "అలవాటు పడతావు" అని భయపెట్టే పక్కింటివాళ్లు మాత్రం అందరికీ ఉన్నారు. అలవాటు పడరమ్మా. కళ్లజోడుకి అలవాటు పడతామా?

చివరగా ఒక్క కథ చెప్పి ఆపుతాను. ఐఎల్-5 ఒక్కదాన్నే పట్టుకుని ఆపే మందు తయారు చేశారు, యాంటీబాడీ మందు. 2000లో దాని ఫలితం వచ్చింది. ఇయోసినోఫిల్స్ తగ్గిపోయాయి, కానీ దమ్ము తగ్గలేదు. అంతే, చాలామంది ఆశ వదిలేశారు, ఐదో నంబరు తప్పు నంబరు అన్నారు. తప్పు నంబరా? కాదు, మనుషుల ఎంపిక తప్పు. అందులో దమ్ము తక్కువగా ఉన్న వాళ్లను తీసుకున్నారు, ఎవరి లోపల ఏ కబురు తిరుగుతోందో చూడలేదు. 2009లో రెండు బృందాలు వేరే రకంగా చేశాయి. తెమడలో ఇయోసినోఫిల్స్ నిజంగా ఎక్కువగా ఉండి, స్టెరాయిడ్ వాడినా మాటిమాటికీ ఎక్కువవుతున్న వాళ్లకే ఇచ్చారు. ఆ మందే, మెపోలిజుమాబ్, ఈసారి వాళ్లకు దమ్ము తిరగబెట్టడం బాగా తగ్గింది. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత నాలుగు, పదమూడు రెండింటి చెవీ మూసే మందు వచ్చింది, 2021లో మొట్టమొదటి గంట, టీఎస్‌ఎల్‌పీని పట్టుకునే మందు కూడా వచ్చింది. అన్నీ సూదులే, చాలా ఖరీదు, మనలో చాలా కొద్దిమందికే అవసరం. మిగతా వాళ్లకు రోజూ పంపు సరిగ్గా కొడితే చాలు.

"సరిగ్గా" అన్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పంపు నొక్కిన తర్వాత పీలుస్తారు, మందు నాలుక మీదే పడిపోతుంది. ఊపిరి పూర్తిగా వదలాలి, పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి, మెల్లగా లోతుగా పీల్చి పది అంకెలు లెక్కపెట్టే దాకా బిగపట్టాలి. తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మాలి, లేకపోతే నోట్లో తెల్ల పూత వస్తుంది. చేతకాని వాళ్లకు స్పేసర్ అని ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, దానికి తగిలించి పీలిస్తే తేలిక.

పంపులు తెచ్చుకున్న వాళ్లు ముందుకు రండి. ఒక్కొక్కరూ నా ముందు కొట్టి చూపించండి, ఎక్కడ తప్పు పోతోందో చూద్దాం. ఆశా అక్కలూ, మీరు ఈ పక్కన నిలబడి చూడండి, రేపు ఊళ్లో మీరే నేర్పాలి. కొంచెం జరగండి, నిన్నటి అక్కను ముందు రానివ్వండి. ఆమె రెండింటికల్లా మళ్లీ మిషన్ దగ్గర ఉండాలట. రా అక్కా, కూర్చో. ముందు ఊపిరంతా వదులు.